ఇంటి పట్టా గారికి, 143వ మెట్టు నుంచి

గౌరవనీయులైన ఇంటి స్థలం పట్టా గారికి,

విశాఖపట్నం హనుమంతవాక కొండవాలు నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ బీరువాలో ఉన్నా క్షేమంగానే ఉంటారు, వాన పడని చోట, ఫ్యాను కింద.

మొన్న మంగళవారం తమ దర్శనానికని అమ్మ రెండిళ్ల పని మానుకుంది, నేను షాపుకి సెలవు పెట్టాను. పదకొండింటికి పట్టాల ఆఫీసుకి వెళ్తే సర్వర్ పడుకుంది. పన్నెండున్నరకి అది లేచేసరికి సారు భోజనానికి లేచారు. మా ఫైలు మూడు దాటాక ఓ కుర్రాడి చేతికొచ్చింది.

"ఇక్కడ ఉంటున్నట్టు రుజువేదమ్మా?"

కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, ఓటరు కార్డు. అమ్మ పేకాటలో షో చెప్పినట్టు బల్ల మీద వరసగా పరిచింది. అతను ఒక్కోటీ తిప్పి చూశాడు. "ఇవన్నీ మీరు ఉన్నారనే చెప్తాయి. ఈ స్థలంలో ఉన్నారని చెప్పవు" అన్నాడు.

"ముప్పై ఏళ్లై ఈడే ఉన్నాం కదేటి బాబూ, ఇంకెక్కడుంటాం?" అంది అమ్మ.

పాత కాగితాలు లేవా అంటే ఉండేవి. ట్రంకు పెట్టె నిండా ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా రేకులు ఎత్తుకుపోయినప్పుడు ఆ పెట్టెలోకి వర్షం దిగింది. తెల్లారి తీసి చూస్తే కాగితాలన్నీ అట్ల పిండిలా ఉన్నాయి. ఫలానా తేదీకి ముందు నుంచే ఉన్నట్టు కాగితం చూపాలన్న కటాఫ్ సంగతి తుపానుకి తెలియదు పాపం.

సరే, ఇదంతా పాత కథే, మీకూ విసుగు. అసలు సంగతికొస్తాను, మంగళవారం నుంచీ నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

ఆ కుర్రాడు కంప్యూటర్ మా వైపు తిప్పాడు. ఫోనుతో ఇంటి ఫొటో తీసినప్పుడు లొకేషన్ పడుతుందట. మా లొకేషన్ గెడ్డలో, అంటే వాగులో, పడింది. మా ఇల్లు గెడ్డలో ఉందట. గెడ్డ అంటే అభ్యంతరకర స్థలం, అభ్యంతరకర స్థలానికి తమరు రారు.

పట్టా గారూ, మా ఇంటికి 143 మెట్లు. నేను లెక్కపెట్టక్కర్లేదు, మా మోకాళ్లే చెప్తాయి. గ్యాస్ బండ కింద దించేసి, పైకి తేవాలంటే మెట్ల డబ్బులు వేరే అంటారు. వేసవిలో నీళ్ల బిందె మోసి మోసి అమ్మకి ఎడమ భుజం ఓ బెత్తెడు కిందికి దిగింది. గెడ్డలో ఉన్నవాళ్లం నీళ్లు ఎందుకు మోస్తాం? ఊరి పేరులో వాక ఉంది కదా అని మమ్మల్ని నీళ్లలో కలిపేశారేమో. గెడ్డ వరదొచ్చి మా గుమ్మం తాకాలంటే ముందు బీచ్ రోడ్డు మునగాలి, ఆ తర్వాత ఆ ఆఫీసు మునగాలి. ఆ రోజొస్తే పట్టా నేనే వదులుకుంటాను.

"పైకొచ్చి ఓసారి చూడండి" అన్నాను. "సర్వేయర్ వస్తారు" అన్నాడు. ఎప్పుడు అని అడిగితే మళ్లీ మంగళవారం రమ్మన్నాడు.

మీ గురించి గొప్ప గొప్పవాళ్లు గొప్పగా చెప్పారు. పెరూ దేశపు ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో లెక్కలో కాగితం లేని మా ఇల్లు చచ్చిన పెట్టుబడి. మీరొచ్చి తాకితే ప్రాణం లేస్తుంది, బ్యాంకులు అప్పులిస్తాయి. ఆ దేశంలో 1996 నుంచి కొన్నేళ్లలోనే 12 లక్షలకు పైగా కుటుంబాలకు మీరు దొరికారు. ప్రైవేటు బ్యాంకులు మాత్రం పెద్దగా కదల్లేదట. ఇక్కడ సర్కారు పేదలకిచ్చే మన డి-పట్టా చూసినా బ్యాంకు వాళ్ల మొహం అంతే, అలా ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది కదా. కానీ పెరూలో ఇంకొకటి జరిగింది. ఇంటికి కాపలా కూర్చునే పని తప్పి జనం బయట ఎక్కువ గంటలు పనికి వెళ్లారట. అది చదివి నేను చాలాసేపు మా నాయనమ్మ గురించే ఆలోచించాను. ఆవిడ బతికున్నన్నాళ్లూ మేం ఇంటికి తాళం వేసి ఎరగం. జేసీబీ వస్తే లోపల మనిషి ఉండాలని గడపలోనే కూర్చునేది. పెళ్లికి రమ్మన్నా వచ్చేది కాదు.

పక్కనున్న ఒడిశా 2017లోనే చట్టం చేసి, బస్తీల మీద డ్రోన్లు తిప్పి, ఇల్లిల్లూ గీయించుకుంది. వాళ్ల డ్రోనుకి గెడ్డకీ కొండకీ తేడా తెలుసు మరి. పట్టణాల్లో పెద్దోళ్ల మిగులు భూమి తీసి పేదలకిస్తామన్న 1976 సీలింగ్ చట్టం సంగతి అడగను. 2008లో మన రాష్ట్రం దానికి దండం పెట్టి పంపేసింది, పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదు.

అన్నట్టు మా వీధి అప్పలకొండ పిన్నికి మీరు దొరికారు. 2022లో, సబ్బవరం వైపు, ఒక సెంటు. అంటే 48 గజాలు. పిన్ని వంట చేసేది ఎంవీపీ కాలనీలో, పొద్దున్న ఆరింటికి. సబ్బవరం నుంచి రావాలంటే ఏ బస్సూ ఆ వేళకి అందదు. అందుకని పట్టా దేవుడి పటం వెనక ఉంది, పిన్ని మా పక్కింట్లోనే ఉంది.

ఇంతసేపూ మీరు, తమరు అన్నాను. ఇంక నా వల్ల కాదు. పన్ను కట్టించుకునేటప్పుడు మా ఇల్లు కొండ మీదుంది. ఓటడగడానికి వచ్చినప్పుడు మెట్లెక్కారు, ఆయాసపడుతూ మా ఇంట్లోనే మంచినీళ్లు తాగారు. నీ దగ్గరికొచ్చేసరికే గెడ్డలో పడ్డామా? సిగ్గుండక్కర్లేదా నీకు?

అమ్మ మాత్రం నిన్నేమీ అననివ్వదు. పూర్ణా మార్కెట్‌లో నీ కోసం ఓ ప్లాస్టిక్ ఫైలు కొని ఉంచింది, జిప్పున్నది, ఈసారి తడవకుండా. అప్పుడప్పుడు తీసి తుడిచి మళ్లీ పెడుతుంది. ఖాళీదే.

మంగళవారం మళ్లీ వస్తాం. నువ్వే ముందు బయల్దేరితే ఫోను చూసుకుని గెడ్డలో దిగకు. వినాయకుడి గుడి పక్క నుంచి మెట్లెక్కు. 143వ మెట్టు, ఎడమ చేతి వైపు, నీలం తలుపు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది.