మారథాన్ శిక్షణ పట్టికలో పొట్టకు చోటేదీ?

1924లో బోస్టన్ మారథాన్ ముగించిన కొందరు రన్నర్ల రక్తాన్ని వైద్యులు పరీక్షించారు. బాగా నీరసించి, సోలిపోతూ వచ్చినవాళ్లలో చక్కెర దారుణంగా పడిపోయి ఉంది. మరుసటి ఏడాది అదే పందేనికి ముందు నుంచే కొందరికి పిండిపదార్థాలు ఎక్కువగా పెట్టి, దారిలో చప్పరించడానికి చక్కెర బిళ్లలు ఇచ్చారు. ఈసారి చక్కెర నిలిచింది, మనుషులూ నిలిచారు. ఈ సంగతి తెలిసి వందేళ్లయింది. అయినా సగటు రన్నర్ శిక్షణ పట్టికలో కిలోమీటర్లుంటాయి, ఇంటర్వెల్స్ (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం) ఉంటాయి, షూ ఎంత అరిగిందో కూడా ఉంటుంది. గంటకు ఎన్ని గ్రాములు తినాలన్న గడి మాత్రం ఉండదు. చాలామంది చేత 30వ కిలోమీటరు తర్వాత పరుగు మాన్పించి నడిపిస్తున్నది ఆ ఖాళీయే అని నా వాదన.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్లకు 2,950 దాకా కావాలి. కండరాల్లో, కాలేయంలో కలిపి ఉండే గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కిలోక్యాలరీలు. అదంతా కాళ్లకు అందుతుందా అంటే, అదీ లేదు. గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైము కండరాల్లో ఉండదు కాబట్టి చేతుల్లో ఉన్నది చేతులకే. కాలేయం వదలగలదు, కానీ అక్కడుండేది మహా అయితే 100 గ్రాములు. కొవ్వుకు కొరత లేదు గానీ దాన్నుంచి శక్తి నింపాదిగా వస్తుంది. వేగం పెంచేకొద్దీ ఒళ్లు పిండిపదార్థం మీదే పడుతుంది. మొదటి 10 కిలోమీటర్లు అనుకున్న పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) కన్నా కిలోమీటరుకు 15 సెకన్లు ముందు పరిగెత్తితే కలిసొచ్చేది రెండున్నర నిమిషాలు. చివరి 10 కిలోమీటర్లలో పోయేది అంతకు ఎన్నో రెట్లు.

ఇక తినడం. మారథాన్‌ను నాలుగున్నర గంటల్లో ముగించే రన్నర్ మూడు జెల్స్ (చిక్కటి చక్కెర పాకం పొట్లాలు) జేబులో వేసుకుని బయల్దేరతాడు. ఒక్కోదానిలో 25 గ్రాములనుకుంటే మొత్తం 75, అంటే గంటకు 17 గ్రాములు కూడా లేవు. రెండు గంటలు దాటే పరుగుకు ఎక్కువమందికి పనికొచ్చే లెక్క గంటకు 40 నుంచి 60 గ్రాములు. ఇదే మనిషికి 60 లెక్కన పది జెల్స్ దాటుతాయి. పందెం రోజున హఠాత్తుగా పది జెల్స్ మింగితే ఏమవుతుందో రన్నర్లకు చెప్పనక్కర్లేదు, మరుగుదొడ్ల ముందు క్యూలే చెబుతాయి.

ఎందుకలా అవుతుందో తెలిస్తే సగం చిక్కు వీడినట్టే. పేగు గోడలో గ్లూకోజును లోపలికి లాగే రవాణా ప్రొటీన్ గంటకు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. జెల్స్‌లో వాడే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కూడా విడిపోయి గ్లూకోజే అవుతుంది కాబట్టి అదీ ఈ లెక్కలోకే వస్తుంది. పండ్ల చక్కెర ఫ్రక్టోజుది వేరే దారి. గ్లూకోజు, ఫ్రక్టోజులను 2:1 పాళ్లలో కలిపితే గంటకు 90 గ్రాముల వరకు లోపలికి పోతుంది. పోనిది పేగులోనే ఉండి నీటిని తన వైపు లాక్కుంటుంది: ఉబ్బరం, కడుపులో తిప్పడం, ఆపైన విరేచనం. పరుగులో రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లి పేగులకు తగ్గిపోవడం దీనికి తోడు. జెల్‌ను నీళ్లు లేకుండా మింగడం ఒక తప్పయితే, జెల్ వేసుకుని దానిపై స్పోర్ట్స్ డ్రింక్ తాగడం అంతకన్నా పెద్ద తప్పు. మామూలు డ్రింకులోనే లీటరుకు 60 నుంచి 80 గ్రాముల చక్కెర ఉంటుంది. దానికి జెల్ కలిస్తే పొట్టలో ఉన్నది పాకమే. జెల్‌తో 150, 200 మిల్లీలీటర్ల మంచినీళ్లు చాలు.

మంచి కబురేమిటంటే పేగు కూడా నేర్చుకుంటుంది. తరచూ పిండిపదార్థం అందే పేగులో ఆ రవాణా సామర్థ్యం పెరుగుతుంది, పొట్ట కూడా పరుగులో బరువును ఓర్చుకోవడం అలవాటు చేసుకుంటుంది. పందేనికి ఎనిమిది వారాల ముందు లాంగ్ రన్‌లో (శిక్షణలో చేసే సుదీర్ఘ పరుగులో) గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి 10 గ్రాములు పెంచుతూ పోతే సరి. మొదటి జెల్ 30వ నిమిషానికి, ఆ తర్వాత 25 నిమిషాలకొకటి. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పందెంలో వాడబోయే జెల్ రకమే, ఆ పేస్‌కు దగ్గరగా పరిగెత్తేటప్పుడే వాడి చూడాలి. తీరిగ్గా పరిగెత్తే రోజున ఏది తిన్నా అరుగుతుంది, దాంతో తేలేదేమీ లేదు. అగ్రశ్రేణి రన్నర్లు గంటకు 100 గ్రాములు దాటుతున్నారని చూసి ఐదు గంటల రన్నర్ అదే పట్టుకోవడం మాత్రం అనవసరం. వాళ్లు కాల్చే వేగం వేరు.

లాంగ్ రన్ ఎంత దూరమన్నదాని మీద కూడా ఒక మొండి నమ్మకం ఉంది: 32 కిలోమీటర్లు కొట్టాల్సిందే అని. మారథాన్‌ను మూడు గంటల్లో ముగించే రన్నర్‌కు అది సబబే. కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకునేవారికి అది 3 గంటల 44 నిమిషాల పని; వచ్చే లాభం కన్నా కోలుకోవడానికి పట్టే రోజులే ఎక్కువ. మూడు గంటల దగ్గర ఆపేసి, మర్నాడు గంటసేపు నెమ్మదిగా పరిగెత్తడం మేలు. ఇలాంటి రోజుల్లో ఏమీ తినకుండా పరిగెత్తి కొవ్వు కరిగించాలన్న ఉత్సాహం వద్దు. ఖాళీ కడుపు పరుగు అప్పుడప్పుడూ, గంటలోపు, తేలిక పేస్‌లో అయితే ఫర్వాలేదు. ఖర్చుకు తగ్గ తిండి నెలల తరబడి అందకపోతే ఎముకల్లో చీలికలు, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం మొదలవుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టారు. మగవాళ్లకూ ఇది వస్తుంది.

పందేనికి ముందు రాత్రి పీకల దాకా తినడం కార్బ్ లోడింగ్ (ఒంట్లో గ్లైకోజెన్ నిల్వ నింపుకోవడం) కాదు. చివరి 36 నుంచి 48 గంటల్లో రోజుకు కిలో బరువుకు 10 గ్రాముల పిండిపదార్థం, పీచూ కొవ్వూ తగ్గించి, నాలుగైదు విడతలుగా తీసుకోవాలి. 70 కిలోల వారికి అది 700 గ్రాములు, అంటే మామూలు భోజనంతో అందే లెక్క కాదు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి బరువు కిలో, రెండు కిలోలు పెరుగుతుంది. అది చూసి కంగారుపడి తిండి తగ్గించేవాళ్లున్నారు. నిద్రలో కాలేయంలోని నిల్వ తగ్గిపోతుంది, కండరాలది అలాగే ఉంటుంది. తెల్లవారాక, పందేనికి మూడు గంటల ముందు కిలో బరువుకు 2 గ్రాముల పిండిపదార్థం లెక్కన తినమనేది ఆ కాలేయం కోసమే.

నీళ్ల విషయంలో భయం ఇప్పటికీ తప్పు వైపే ఉంది: నీళ్లు చాలవేమోనని భయపడతారు గానీ, అతిగా తాగితే రక్తంలోని సోడియం (ఉప్పులోని ఖనిజం) పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. అతిగా తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్లకే ముప్పు ఎక్కువ; నాలుగు గంటలు దాటినవాళ్లకూ అంతే. ఉప్పు మాత్రలు అతిగా తాగిన నీళ్లకు విరుగుడు కావు. ఎంత తాగాలో తూకమే చెబుతుంది. గంట పరుగుకు ముందు 62.0 కిలోలు, తర్వాత 61.2, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు అయితే చెమట 1.1 లీటర్లు. అంతా తిరిగి పోయనక్కర్లేదు. రెండు శాతం దాకా బరువు తగ్గినా నష్టం లేదు, పెరగకూడదంతే. నొప్పులకని ఐబుప్రొఫెన్ వేసుకుని పరిగెత్తితే మూత్రపిండాలు నీటిని బయటికి పంపడంలో వెనకబడతాయి. ముగింపు గీత దాటాక తలనొప్పి, వాంతులు, చేతులు ఉబ్బడం, మాటల్లో తికమక కనిపిస్తే అది నీరసమనుకుని మరో సీసా నీళ్లు పట్టించడం ప్రాణం మీదికి తెచ్చే పని. వైద్య శిబిరానికి తీసుకెళ్లి ముందు సోడియం చూడమనాలి.