టెక్సాస్ బడి గోడ మీద పది ఆజ్ఞలు: ఆఖరి వారం రాజకీయం

2023 మే 23 అర్ధరాత్రి టెక్సాస్ ప్రతినిధుల సభలో ఒక బిల్లు ఓటింగు దాకా రాకుండానే వీగిపోయింది. రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ పాఠశాల తరగతి గదిలో బైబిలు పది ఆజ్ఞలను గోడకు తగిలించాలన్న ఎస్‌బీ 1515 (సెనేట్ బిల్లు 1515) అది. సెనేట్ అప్పటికే ఆమోదించింది. ప్రతినిధుల సభలోనూ రిపబ్లికన్లదే ఆధిక్యం. అయితే సెనేట్ నుంచి వచ్చిన బిల్లులను సభ చర్చకు చేపట్టేందుకు ఆ రాత్రి పన్నెండే ఆఖరి గడువు. జాబితాలో దాని వంతు వచ్చేలోగా గడువు దాటింది. రెండేళ్లు తిరిగేసరికి దాదాపు అదే బిల్లు ఎస్‌బీ 10 అన్న కొత్త నంబరుతో వచ్చి, 2025 జూన్ 21న గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకంతో చట్టమైపోయింది.

సంప్రదాయవాద క్రైస్తవ సంస్థలు అమెరికా రాష్ట్రాల్లో ఎలా పనిచేస్తాయో తెలియాలంటే ఈ రెండు తేదీల మధ్య జరిగినదాన్ని చూడాలి. వాళ్ల మీద విమర్శలు రాసేవారిలో చాలామంది ఉపన్యాసాల దగ్గరే ఆగిపోతారు. వాళ్ల అసలు బలం ఓపికలో ఉంది, సభా నిబంధనల మీదున్న పట్టులో ఉంది.

టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో మాత్రమే, అదీ 140 రోజులే సమావేశమవుతుంది. 150 మంది ప్రతినిధులు, 31 మంది సెనేటర్లు ఆ కొద్ది నెలల్లోనే వేల బిల్లులు తేల్చాలి. ఏ బిల్లు ఏ రోజు సభ ముందుకు వస్తుందో నిర్ణయించేది క్యాలెండర్స్ కమిటీ. అందువల్ల చివరి పది రోజుల్లో మైనారిటీ పక్షానికి మిగిలే ఒకే ఆయుధం కాలయాపన. ముందున్న చిన్న బిల్లుల మీద ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు, నిబంధనల అభ్యంతరాలు లేవనెత్తుతారు, పొద్దు గడుపుతారు. అలా గడియారం ముందు ఓడిన బిల్లును ప్రజాస్వామ్యం తిరస్కరించినట్టు లెక్క కాదు. ఎస్‌బీ 1515 విషయంలో డెమొక్రాట్లకు దక్కింది రెండేళ్ల వాయిదా మాత్రమే. ఆ రెండేళ్లలో దాన్ని ప్రజల్లోకి తీసుకెళ్లే పని వాళ్లు తగినంతగా చేయలేదని నా అభిప్రాయం.

అవతలి పక్షం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆస్టిన్‌లోని క్రైస్తవ సంస్థ టెక్సాస్ వాల్యూస్, మతపరమైన కేసులు వాదించే ప్లేనోలోని ఫస్ట్ లిబర్టీ ఇన్‌స్టిట్యూట్, వాల్‌బిల్డర్స్ సంస్థ స్థాపకుడు డేవిడ్ బార్టన్ ఈ రంగంలో పాత కాపులు. 2023లోనే బార్టన్ సెనేట్ కమిటీ ముందు బిల్లును బలపరుస్తూ మాట్లాడారు. 2025లో సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ ఎస్‌బీ 10ని తన ప్రాధాన్య బిల్లుల్లో చేర్చారు. పాత బిల్లు రాసిన సెనేటర్ ఫిల్ కింగే దీన్నీ రాశారు. ఈసారి సెనేట్ మార్చిలోనే ఆమోదించి పంపించేసింది. కిందటిసారి గడువు చాలలేదు కనుక ఈసారి రెండు నెలలు చేతిలో ఉంచుకున్నారు. పాఠం నేర్చుకోవడమంటే అది.

ప్రతినిధుల సభలో తొలి ఓటింగు మే 24, శనివారం పడింది. ఆస్టిన్ ప్రతినిధి, క్రైస్తవ వేదాంత విద్యార్థి జేమ్స్ టలరికో లేచి, బిల్లును సభలో నడిపిస్తున్న క్యాండీ నోబుల్‌ను విశ్రాంతి దినం ఆజ్ఞ గురించి అడిగారు. శనివారం యూదుల విశ్రాంతి దినం, తుది ఓటు పడే ఆదివారం క్రైస్తవుల విశ్రాంతి దినం. సోమవారానికి వాయిదా వేస్తారా అన్నది ఆయన ప్రశ్న. వేయలేదు. ఆదివారం 82-46 ఓట్లతో సభ ఆమోదించింది. జూన్ 2న ఉభయ సభలూ నిరవధికంగా వాయిదా పడ్డాయి.

ఆ ప్రశ్నను చమత్కారంగా తీసేయడం నాకిష్టం లేదు. నాలుగో ఆజ్ఞను తామే పక్కనపెట్టి, అదే ఆజ్ఞను గోడకెక్కించే చట్టం చేయడం విశ్వాసానికి గౌరవమో కాదో విశ్వాసులే తేల్చుకోవాల్సిన విషయం.

చట్టం ప్రకారం పోస్టరు కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండాలి. గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలిగే అక్షరాలుండాలి. ఎవరైనా విరాళంగా ఇస్తే బడి తీసుకుని తీరాలి. పాఠం కూడా చట్టంలోనే ఉంది, ఒక్క మాట మార్చడానికి వీల్లేదు. చిక్కంతా అక్కడే. పది ఆజ్ఞలను యూదులు ఒక తీరున, కాథలిక్కులు మరో తీరున, ప్రొటెస్టెంట్లు ఇంకో తీరున విడదీస్తారు. శాసనసభ ఎంచుకున్నది ఆస్టిన్‌లోని క్యాపిటల్ (శాసనసభ భవనం) ఆవరణలో 1961 నుంచీ ఉన్న రాతి స్మారకం మీది పాఠం. దాని భాష ప్రొటెస్టెంట్ల పాత ఇంగ్లీషు బైబిలుది. ఏ శాఖ పాఠం సరైనదో ఒక శాసనసభ ఓటు వేసి నిర్ణయించిందన్నమాట. ఈ చట్టం మీద శాన్ ఆంటోనియోలో దావా వేసినవారిలో ఒక యూదు రబ్బీ, క్రైస్తవ కుటుంబాలు, హిందూ కుటుంబాలు కూడా ఉన్నారంటే కారణం ఇదే.

ఇక ఈ సంస్థల దృష్టి శాసనసభ దగ్గర ఆగదు. వాళ్లు చూస్తున్నది 1980 నాటి స్టోన్ వర్సెస్ గ్రాహం తీర్పు వైపు. కెంటకీ రాష్ట్రం చేసిన ఇలాంటి చట్టాన్నే అమెరికా సుప్రీంకోర్టు అప్పుడు కొట్టేసింది. ఆ తీర్పు లెమన్ పరీక్ష అనే సూత్రం మీద, అంటే చట్టానికి మతేతర ఉద్దేశం ఉండాలన్న నియమం మీద నిలబడింది. 2022లో, మైదానంలో ప్రార్థన చేసిన ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ కెనెడీ కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని వదిలేసి, చరిత్రను, సంప్రదాయాన్ని కొలమానంగా తీసుకుంది. కోచ్ తరఫున వాదించింది ప్లేనోలోని ఆ ఫస్ట్ లిబర్టీ సంస్థే. పునాది పోయాక గోడ ఎంతకాలం నిలుస్తుందన్నది వాళ్ల లెక్క. 2024లో లూసియానా, 2025లో ఆర్కాన్సా, ఆ వెంటనే టెక్సాస్ ఒకే తరహా చట్టాలు చేయడం యాదృచ్ఛికం కాదు. ఏదో ఒక కేసు పై కోర్టుకు చేరాలి. కింది కోర్టులో ఓడినా వాళ్లకది అప్పీలుకు దారే.

2025 ఆగస్టు 20న ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ 11 స్కూల్ డిస్ట్రిక్టుల్లో (బడులను నడిపే స్థానిక విభాగాలు) ఈ చట్టం అమలును తాత్కాలికంగా ఆపారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. లూసియానా కేసుతో పాటు ఇదీ ఫెడరల్ అప్పీలు కోర్టు అయిన ఫిఫ్త్ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం ముందుకు చేరింది. చాలామంది గమనించని ఒక సంగతి చెప్పాలి. బిల్లు మీద చర్చలో సభ ఒక సవరణ చేర్చింది: దావాలు పడితే డిస్ట్రిక్టుల తరఫున రాష్ట్రమే వాదించి ఖర్చు భరించాలి. కోర్టు ఖర్చులకు జంకి ఏ స్కూలు బోర్డూ వెనకడుగు వేయకుండా చేసిన ఏర్పాటది. ఒక ప్రచార లక్ష్యం కోసం జరిగే న్యాయపోరాటానికి పన్ను కట్టే ప్రతివాడూ ఖర్చు పెట్టుకోవాల్సి రావడం అన్యాయం.

2023లోనే నెగ్గిన ఛాప్లెయిన్ల చట్టానిది వేరే దారి. బడుల్లో కౌన్సెలర్ల పనికి మతాచార్యులను పెట్టుకోవాలో వద్దో 2024 మార్చి 1లోగా ప్రతి బోర్డూ ఓటు వేసి తేల్చమంది. వందమందికి పైగా ఛాప్లెయిన్లే దీన్ని వ్యతిరేకిస్తూ లేఖ రాశారు, పెద్ద డిస్ట్రిక్టులు చాలావరకు వద్దనుకున్నాయి. అక్కడ ప్రజలకు మాట చెప్పే వీలు దొరికింది. ఎస్‌బీ 10 రూపకర్తలు ఆ వీలునే తీసేశారు.

ఇది క్రైస్తవులకూ ఇతరులకూ మధ్య పోరు కాదు. మతానికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో రాసిన ప్రసిద్ధ లేఖ డాన్‌బరీ బాప్టిస్టులకు రాసినది. ప్రభుత్వం ఒక చర్చి పక్షం వహిస్తే నలిగేది తామేనని వాళ్లకు అనుభవం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్టిస్టు సంఘాలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నాటినవే. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను నడిపించింది విశ్వాసం, ఏ సర్కారు ఉత్తర్వూ కాదు. ఆ వారసత్వం ఉన్న తెలుగు క్రైస్తవులు డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఈ విషయమై గొంతు విప్పితే దానికున్న బరువు వేరు.

2025లో కోర్టు ఆపిన డిస్ట్రిక్టుల్లో ప్లేనో, ఫోర్ట్ బెండ్ కూడా ఉన్నాయి. రెండు చోట్లా తెలుగు పిల్లలు చదువుతున్నారు. 'మంచి మాటలే కదా, ఉంటే ఏం పోయింది' అనే తల్లిదండ్రులున్నారు. దొంగతనం చేయొద్దు, తల్లిదండ్రులను గౌరవించు అన్నవి మంచి మాటలే, కాదనను. కానీ ఆ పోస్టరు మొదలయ్యేది వేరే దేవుడు నీకుండకూడదన్న మాటతో. విగ్రహాలు చేసుకోవద్దన్నది ఆ వెంటనే వస్తుంది. ఇంట్లో వినాయక చవితి చేసుకుని బడికొచ్చిన ఏడేళ్ల పిల్ల ఏడాదంతా ఆ వాక్యం కింద కూర్చుంటుంది. చర్చిలో విన్న మాటకూ ప్రభుత్వం గోడకెక్కించిన మాటకూ తేడా ఆ వయసులో ఎవరు విడమరిచి చెబుతారు? మన ఊళ్లలో సర్కారు బడిలో సరస్వతి పటం కింద కూర్చున్న ముస్లిం, క్రైస్తవ పిల్లల సంగతి మనలో ఎంతమంది ఆలోచించారన్న ప్రశ్న కూడా దీనితో పాటే వస్తుంది. రావాలి కూడా.

బిల్లు చట్టమయ్యాక ఆగస్టులో వాట్సాప్ గ్రూపుల్లో ఆవేదన పడితే ఫలం లేదు. కమిటీ విచారణలు మార్చి, ఏప్రిల్ నెలల్లో జరుగుతాయి. ఆస్టిన్ వెళ్లి పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా మాట్లాడవచ్చు, ఓటు హక్కు లేని హెచ్-1బీ తల్లిదండ్రులు సైతం. స్కూలు బోర్డు ఎన్నికల్లో కొన్ని వందల ఓట్లే ఫలితాన్ని మార్చేస్తాయి. తర్వాతి సాధారణ సమావేశం 2027 జనవరిలో. దానికి బిల్లుల ముందస్తు దాఖలు 2026 నవంబరులో మొదలవుతుంది, టెక్సాస్ వాల్యూస్ వంటి సంస్థల ప్రతినిధులు ఆ రోజు నుంచే క్యాపిటల్‌లో ఉంటారు.