తిరుగు ప్రయాణం కూడా చూడండి

చలికాలంలో మన చెరువులకొచ్చే వలస పక్షుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. వాటిని చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలే మంచివని అందులో రాశారు. నిజమే, కానీ అవి తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే ఫిబ్రవరి చివర, మార్చి మొదటి వారాలంటే నాకు ఇంకా ఇష్టం.

పొద్దున ఆరున్నరకల్లా హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ పెద్ద చెరువు గట్టు మీద ఉంటాను (2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది, దేశంలో ఆ గుర్తింపు దక్కిన తొలి చెరువు ఇదే). సూదితోక బాతులు తలకిందులై, తోకలు మాత్రం పైకి పెట్టి, అడుగున మేత వెతుకుతుంటాయి. చలికాలం పోయి పగటి నిడివి పెరిగేకొద్దీ వాటి ఆకలీ పెరుగుతుంది. అంత దూరం ఎగరాలంటే ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి మరి. ఒడ్డున బురదలో తోక ఊపుకుంటూ తిరిగే ఎల్లో వాగ్‌టెయిల్ పిట్టలను చూడండి. జనవరిలో ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంటాయి. మార్చికల్లా కొత్త ఈకలొచ్చి, మగపిట్ట రొమ్ము పసుపు కొమ్ము అరగదీసినట్టు మెరుస్తుంది! బూరుగు, మోదుగ పూల తేనె కోసం గుంపులుగా వాలే గులాబీ గోరింకలదీ ఇదే కాలం.

మొన్న ఎవరో డ్రోన్ ఎగరేశారు. బాతులన్నీ ఒక్కసారిగా లేచి, చెరువు చుట్టూ మూడుసార్లు తిరిగి, అవతలి ఒడ్డున వాలాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. తిన్నదంతా అలా ఖర్చయితే మళ్లీ ఎప్పుడు పూడ్చుకుంటాయి? దయచేసి ఫొటో కోసం నీళ్ల దాకా దిగకండి. సూర్యుడు వీపు వైపు ఉండేలా గట్టు మీదే కూర్చోండి, అవే మేసుకుంటూ దగ్గరికొస్తాయి.