హుగ్లీ గట్టున నీటిమూటలు

నాయకుల హామీలను నీటిమూటలని వెక్కిరించేవాళ్ళు ఒకసారి కలకత్తాకు ఎగువన హుగ్లీ నది గట్లు చూసి రావాలి. నీళ్ళను నిజంగానే మూటగట్టి, తూచి, అమ్ముకుని 150 ఏళ్ళకు పైగా బతికిన పరిశ్రమ అక్కడుంది. పేరుకు జనపనార మిల్లులు.

1855లో రిష్రాలో జార్జ్ ఆక్లండ్ అనే దొర, స్కాట్లండులోని నార మిల్లుల ఊరు డండీ నుంచి తెచ్చిన యంత్రాలతో మొదటి మిల్లు పెట్టాడు. మరో నాలుగేళ్ళకు బరానగర్‌లో మరమగ్గాలు ఆడాయి. నది పక్కనే ఎందుకంటే నార, బొగ్గు పడవల్లో దిగుతాయి, బాయిలరుకు నీళ్ళు దొరుకుతాయి, గోనెలు మళ్ళీ అదే నీటి మీద రేవుకు పోతాయి. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో తృప్తిపడతాయి. అసలు తడి వ్యవహారం వేరే.

కోసిన జనపనార మొక్కల కట్టలను 10 నుంచి 20 రోజులు నీళ్ళలో ఊరబెట్టాలి. తేలిపోకుండా పైన బరువుండాలి. నిపుణులు రాళ్ళు పెట్టమంటారు. రైతు చేతికందేవి బురదా, అరటిబోదెలూ. బురదలోని ఇనుము కాడలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి, బంగారు రంగు రావలసిన నార మసి రంగుకు తిరుగుతుంది, వ్యాపారి ధర తెగ్గోస్తాడు. తక్కువ ఊరితే కాడ మొదలు దగ్గర బెరడు వదలదు, ఆ ముక్క మిల్లులో కోసి పక్కన పడెయ్యాలి. ఎక్కువ ఊరితే నార బలం పోతుంది.

ఇంత కష్టపడి ఆరబెట్టిన నారను మిల్లువాళ్ళు మొట్టమొదట చేసే పని మళ్ళీ తడపడం. పొడినార కార్డింగ్ యంత్రంలో నారను దువ్వే మేకుల మీదికెళ్తే దుమ్మే మిగులుతుంది. అందుకని నూనె, నీళ్ళు కలిపి చిలికిన ద్రావణం పట్టించి, గుట్టవేసి, కప్పి, ఒకటి రెండు రోజులు మాగబెడతారు. గుట్ట లోపల సూక్ష్మజీవులు వేడి పుట్టించి గట్టి మొదళ్ళను మెత్తబరుస్తాయి. గుట్టను మరిచిపోతే నారను కూడా మెత్తబరుస్తాయి, వివక్ష చూపవు. డండీలో దీనికి తిమింగలం నూనె వాడారు, తర్వాత ఖనిజ తైలం వచ్చింది. దాని కంపు కాఫీ గింజలకు పడుతోందని గోల లేచాక, ఆహార సంచులకు తవుడు నూనె మర్యాద దక్కింది.

జనపనార మామూలు గాలిలోనే నూటికి 13 వంతుల తేమ పట్టుకుంటుంది. ముసురు రోజుల్లో అంతకు చాలా ఎక్కువే తాగి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. తూకం మీద అమ్మే సరుకుకు ఇంతకన్నా సుగుణం ఏం కావాలి?

మిల్లులకు చేతులు చాలక గంజాం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్ళూ వెళ్ళి అక్కడ ‘మద్రాసీ’లయ్యారు. వాళ్ళ ఊళ్ళ గోగునార కూడా భీమిలి రేవు పుణ్యమా అని ‘బిమ్లీ జ్యూట్’ అయింది. గోంగూర ఒక్కటే పేరు మార్చుకోకుండా నిలిచింది.

సరుకు ఎక్కువై ధర పడిపోతే యజమానులు 1931లో 40 గంటల వారం పెట్టి, నూటికి 15 మగ్గాలకు సీలు వేశారు. 1947లో సరిహద్దు గీత పడ్డాక మిల్లులన్నీ ఇటు, పొలాల్లో అధిక భాగం అటు. ప్లాస్టిక్ వచ్చి మీద పడ్డాక 1987లో ధాన్యం, చక్కెర గోనెల్లోనే నింపాలన్న చట్టం ఆదుకుంది. అప్పటినుంచి పరిశ్రమకు రెండే రుతువులు: సర్కారు ఆర్డరు వచ్చింది, సర్కారు ఆర్డరు రాలేదు. రెండో రుతువులో పొద్దున్నే షిఫ్టుకొచ్చిన కార్మికుడికి గేటు మీద ‘పని నిలిపివేత’ నోటీసు కనిపిస్తుంది. నది గాలికి జిగురు ఊడి, ఒక మూల వేలాడుతూ.