ఇంప్లాంట్‌లో ఆమ్లం దాగి ఉండదు

"టైటానియం పళ్ల ఇంప్లాంట్లను ఆమ్లంలో ముంచి గరుకు చేస్తున్నారు, ఆ ఆమ్లం నెత్తురులో కలుస్తుంది, వేయించుకున్నవారు వెంటనే తీయించుకోండి, నునుపుదానికే ఎముక బాగా పడుతుంది, గరుకుదానికి పాచి ఎక్కువ పడుతుంది, బంగారు రంగువాటికి రంగు పూస్తున్నారు, అద్దంలా మెరిసేదే అడగండి" అనే సందేశం ఈ వారంలో ఐదుగురు మిత్రులు పంపారు. ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే స్క్రూ. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బంగారు రంగు ఇంప్లాంట్లకు రంగు పూస్తున్నారన్న మాట మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. విద్యుత్తుతో టైటానియం మీది ఆక్సైడ్ పొర మందాన్ని పెంచితే వెలుతురుకు అలా కనిపిస్తుంది.

నునుపుదానికే ఎముక బాగా పడుతుందన్నదీ తప్పే. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు తొలి రోగికి వేసినవి దాదాపు నునుపైన స్క్రూలే, అవి ఎముకను పట్టాయి కూడా. అయితే ఆ పద్ధతిలో పైన పన్ను బిగించేముందు కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగవలసి వచ్చేది. రాపిడి చేసి ఆమ్లంతో చెక్కిన ఉపరితలాలు వచ్చాక ఆ గడువు ఆరు నుంచి ఎనిమిది వారాలకు దిగింది.

ఎందుకంటే ఎముకను కట్టే కణం ఉత్త లోహాన్ని తాకదు. నెత్తురు తగిలిన క్షణాల్లోనే ప్రొటీన్లు లోహం మీద పరుచుకుంటాయి; ముందు ఆల్బుమిన్ వంటివి చేరితే, తర్వాత వాటిని తోసుకుంటూ ఫైబ్రోనెక్టిన్ వంటి పెద్దవి వస్తాయి. ఆ ఫైబ్రోనెక్టిన్‌లోని మూడు అమైనో ఆమ్లాల వరసనే కణం తన పైపొరలోని ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లతో పట్టుకుంటుంది. ఆ వరస కణానికి అందేలా ప్రొటీన్ కూర్చుంటుందా లేదా అన్నది చాలావరకు ఉపరితలం మీదే, అది తడిని ఎంత పట్టుకుంటుందన్న దాని మీద కూడా, ఆధారపడుతుంది. చాలాకాలం గాలికి ఉన్న గరుకు టైటానియం బిళ్ల మీద నీటిచుక్క తామరాకు మీది బొట్టులా నిలుస్తుంది. గాలి తగలకుండా నైట్రోజన్ వాయువు మధ్య కడిగి ఉప్పునీటిలో నిల్వచేసిన బిళ్ల మీద అదే చుక్క ఇట్టే పరుచుకుపోతుంది.

ఇక ఆమ్లం సంగతి. ముంచడం నిజమే. అది లోహాన్ని తిని కొన్ని మైక్రాన్ల గుంటలు చేస్తుంది, ఆపైన దాన్ని కడిగేస్తారు. గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, నెత్తురు తాకేది ఆ పొరనే. మిగలని ఆమ్లానికి భయపడి తీయించుకోమంటున్నారు! ఎముక పట్టిన ఇంప్లాంట్ వెనక్కి తిప్పినా రాకపోతే, ట్రెఫైన్ అనే గొట్టపు రంపంతో చుట్టూ ఎముకను కోసి తీయాలి. ఈ సందేశం పంపినవారిలో ఒక్కరైనా ఆ రంపాన్ని చూశారా? బాగున్న ఇంప్లాంట్‌తో పాటు బాగున్న దవడ ఎముకనూ పోగొట్టుకోమని చెప్పడం క్రూరత్వం.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. గరుకుదానికి పాచి ఎక్కువ పడుతుందన్న వాక్యం నిజం: చిగుళ్లు దిగి గరుకు భాగం నోట్లోకి తేలితే శుభ్రం చేయడం కష్టం, అందుకే చాలా ఇంప్లాంట్లకు చిగురు దగ్గరి పై భాగాన్ని నునుపుగా ఉంచుతారు. చిగురు వాచినా, నెత్తురు కారినా డాక్టరు దగ్గర చూపించి శుభ్రం చేయించుకోండి.