కొత్త అల్లుడు వైడ్ యాంగిల్ లెన్స్ గారికి

మహారాజశ్రీ వైడ్ యాంగిల్ లెన్స్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మీ కుశలం అడగక్కర్లేదు. అల్మారా పై అరలో, గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే తెల్ల గోళీల పొట్లం పక్కన పడుకున్నారు. ఈ ఇంట్లో మీ అంత సుఖంగా ఎవరూ లేరు. గండికోట నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. ఫొటోలన్నీ కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. చూశాకే ఈ ఉత్తరం.

మీ సంబంధం కోసం నేను పడ్డ పాట్లు మీకు తెలియవు. మూడు వారాలు అర్ధరాత్రి దాకా జాతకాలు చూశాను. మూలల్లో పదును ఎంత, సూర్యుడికి ఎదురుగా పెడితే మచ్చలు పడతాయా, ఇటుక గోడను తీస్తే వరసలు తిన్నగా వస్తాయా, ఇదీ వరస. జన్మలో ఇటుక గోడ ఫొటో తీయాలనుకోని వాణ్ణి, వందల ఇటుక గోడల్ని పరిశీలించాను. మా అక్క పెళ్లప్పుడు మా నాన్న కూడా ఇంత విచారణ చేయలేదు.

మధ్యలో ఓ గండం తప్పింది. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లు చాలామంది 16-35 లెన్స్ (మిల్లీమీటర్ల లెక్క, అంకె తగ్గేకొద్దీ కనబడే మేర పెరుగుతుంది) వాడతారని చదివి, దానికే డబ్బు కట్టబోయాను. దుకాణంలో కుర్రాడు నా కెమెరా వంక చూసి, "అన్నా, మీది క్రాప్ సెన్సర్ కదా" అన్నాడు. బొమ్మను పట్టే సెన్సర్ నా కెమెరాలో చిన్నది, లెన్స్ మీది అంకెను ఒకటిన్నరతో గుణించుకోవాలి. 16 కాస్తా 24 అయి కూర్చుంటుంది. కెమెరాతో పాటు వచ్చిన నా 18-55 కిట్ లెన్స్ అదే లెక్కన 27. అంటే లక్ష దాకా పోసి నేను కొనబోయింది రెండు మిల్లీమీటర్లు! ఆ కుర్రాడి పేరు కూడా అడగలేదు.

అలా కుదిరారు మీరు. 10-18, ఎఫ్/2.8. ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికొస్తుంది. ఎఫ్/4.5 వాళ్లు చవకలో ఉన్నారు. ట్రైపాడ్ మీద ఎఫ్/8, ఎఫ్/11 పెట్టుకుని కొండలు తీసేవాడికి 2.8తో పనేమిటని మీరు అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. పాలపుంత తీస్తానన్నాను. గండికోట కోసం జమ్మలమడుగులో దిగిన రాత్రి చూస్తే నిండు పౌర్ణమి. పాలపుంత సంగతి దేవుడెరుగు, పేపరు చదువుకునేంత వెన్నెల. క్యాలెండర్ చూసుకోని తప్పు నాదే, దాన్ని మీ ఖాతాలో రాయను.

మీ ఖాతాలో రాసేది లోయ.

జమ్మలమడుగు నుంచి తెల్లవారకముందే బయల్దేరి, కోట వెనక ఎర్ర బండల మీద నిలబడ్డాం. కింద వందల అడుగుల లోతున పెన్న, అవతల నిలువునా చీల్చినట్టున్న రాతి గోడ. 'గండి' అన్న మాటకు అర్థం అక్కడ నిలబడితే కాళ్ల పిక్కలకు తెలుస్తుంది. మిమ్మల్ని బిగించి 10 దగ్గర పెట్టి నొక్కాను. కెమెరా వెనక తెర మీదికి వంగి చూసిన మా బావమరిది, "బావా, లోయ ఏది?" అన్నాడు.

ఉంది. మధ్యలో, వేలి గోరంత. 18 దగ్గర తీసిన దాంతో పోలిస్తే అవతలి గోడ దాదాపు సగానికి కుంగిపోయింది. మిగతాదంతా ఆకాశమే. కింద ఎడమ మూల ట్రైపాడ్ కాలు, కుడి మూల నా చెప్పు. ఆ చెప్పు మాత్రం ఎంత బాగా వచ్చిందో! బొటనవేలి దగ్గర ఊడిన కుట్టు, పట్టీకి అంటిన ఎర్రమట్టి, సగం అరిగిన కంపెనీ పేరు, అన్నీ స్పష్టం. వైడ్ అంటే ఎక్కువ పడుతుందనుకున్నాను. దగ్గరది పెంచి, దూరానిది తుంచుతుందని ఆ మూడు వారాల్లో నా బుర్రకెక్కలేదు. "దగ్గరికి వెళ్లి తీయాలి" అని పుస్తకాల్లో రాస్తారు. గండికోట అంచున ఇంకో అడుగు ముందుకేస్తే పెన్నలో తేలతాం. మా అమ్మ ఫోన్‌లో అంతా విని, "అంత డబ్బు పోసింది కొండను చిన్నది చేసుకోడానికా?" అంది.

మాధవరాయస్వామి గుడి దగ్గర గోపురం పూర్తిగా రావాలని మిమ్మల్ని కాస్త పైకెత్తాను. అన్నేళ్లుగా నిటారుగా నిలబడ్డ గోపురం వెనక్కి వాలిపోయింది. పక్కన అంచులో నిలబడ్డ బావమరిది ముఖం గుమ్మడికాయలా అడ్డంగా సాగింది. ఆ ఫొటో వాళ్ల అక్కకు చూపించాడు. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో నా పరిస్థితి వేరే చెప్పాలా? ఆకాశం నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ అద్దం పెడితే ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం మచ్చ, మిగతాది వెలిసిన లుంగీ రంగు.

మర్నాడు కోపంతో మిమ్మల్ని సంచిలో పడేసి, పాత కిట్ లెన్స్ తీశాను. కెమెరాను నిలువుగా తిప్పి, 35 దగ్గర పెట్టి, ఎడమ నుంచి కుడికి ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఏడు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కలిపితే లోయ వచ్చింది. లోతుగా, భయం పుట్టించేలా. ఇప్పుడు హాల్లో గోడ మీదున్నది అదే. ఇంటి కొడుకు లాంటి ఆ కిట్ లెన్స్, కెమెరాకు బిగించే చోట ఉత్త ప్లాస్టిక్ ఉన్నది, తీసింది.

అన్యాయం చేయకూడదు కనుక ఇదీ రాస్తున్నాను. ఆ సాయంత్రం బండ మీది గుంటలో చిన్న వానకు నిలిచిన నీళ్లు కనిపించాయి, కుంచెడు కూడా ఉండవు. బోర్లా పడుకుని, మిమ్మల్ని జానెడు ఎత్తులో పట్టుకున్నాను. ఎఫ్/8, ఫోకస్ రెండడుగుల దూరంలో. ఆ గుంట చెరువంత అయింది. అందులో మబ్బు, మబ్బులో ఎరుపు, అంచున ఒక చీమ, వెనక అవతలి కొండ దాకా అంతా స్పష్టం. మోచేతులు గీరుకుపోయాయి కానీ, లేవబుద్ధి కాలేదు. మీరు కొండలకు పనికొచ్చేవారు కాదు, గుంటలకు పనికొచ్చేవారు. ఆ ముక్క జాతకంలో ఎక్కడా లేదు.

వచ్చే నెల వంజంగి వెళ్తున్నాం, మబ్బుల సముద్రం చూడటానికి. మీరూ దయచేయండి. కాకపోతే కెమెరాకు తగిలించుకుని కిటికీ పక్కన కూర్చునేది కిట్ లెన్స్. మీకు సంచిలో, మారు చెప్పుల పక్కన చోటు చూశాను.

ఇట్లు,
తమ విధేయుడు
(ఇంకా ఏడు వాయిదాల వరకు)