సూట్‌కేస్ ప్లేయర్ జోలికి పోకండి

బెడ్‌రూమ్‌లో పాటల రికార్డులు వినడానికి సూట్‌కేస్ ప్లేయర్ (పెట్టెలా మూసేసే చిన్న రికార్డు ప్లేయర్) చాలని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. హన్మకొండలో మా చిన్న గదిలో మొదట అదే పెట్టాను. అలాంటి వాటిలో చాలావరకు సూది రికార్డు మీద మోపే బరువు 5 గ్రాముల దాకా ఉంటుంది, మంచి కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టి ఉంచే భాగానికి) 2 గ్రాములు చాలు. రికార్డు ఊరికే అరుగుతుంది. ఇప్పుడు ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ రికార్డు ప్లేయర్ వాడుతున్నా. ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) అందులోనే ఉంది కాబట్టి పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి) నేరుగా కలిపేశా, వేరే యాంప్లిఫయర్ ఖర్చు తప్పింది. స్పీకర్లు మాత్రం అదే టేబుల్ మీద పెట్టకండి. బేస్ అదురు సూదికి తగిలి గుయ్యిమని మోత వస్తుంది. నాకు రెండు రోజులు అదే టెన్షన్. స్టూళ్ల మీదికి మార్చాక పోయింది. తాతల నాటి 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులు దీని మీద ఆడవు, దీంట్లో ఆ స్పీడు లేదు, పైగా వాటికి వెడల్పు సూది కావాలి. ఎల్‌పీలు (వినైల్ రికార్డులు) కిటికీ దగ్గర వద్దు, మన వరంగల్ ఎండకి అప్పడాల్లా వంగుతాయి.